చవుక ఫోను – గుణపరీక్ష

సంతలో ఎద్దును కొనవచ్చిన రైతు వెల యడుగుటకు ముందే దాని నోరు తెఱచి పండ్లు చూచును, సుడులు పరికించును, నాలుగడుగులు నడిపించును, వీలైనచో బండికి గట్టి బరువు లాగించును. అమ్మువాడెంత పొగడినను చెవి యొగ్గి వినునే కాని మొలనున్న సంచిపై నుండి చేయి తీయడు. కుమ్మరి వామియొద్ద కుండను కొను ఇల్లాలు సైతము వ్రేలితో మొట్టి, మ్రోత విని కాని బేరమాడదు. ఇప్పుడు పల్లెలలో సైతము ఇంటింట చేరిన స్మార్ట్‌ఫోనునకు ఇట్టి పరీక్ష ఏదియు తాతలనాటి నుండి వచ్చినది లేదు. దానికి పండ్లు లేవు, మొట్టినను మ్రోగదు. అద్దము నునుపుగా నుండును, పెట్టె అందముగా నుండును, పెట్టెపై అంకెలు పెద్దవిగా నుండును. లోపలి గుణము మాత్రము కంటికి కనబడదు.

విదేశీయపు ఫోను అనినంతనే భయపడ నక్కఱ లేదు. మన దేశమున నేడు అమ్ముడగు ఫోనులలో అధికభాగము, వాని పేరు ఏ దేశపుదైనను, ఇక్కడనే కూర్పబడుచున్నవి. 2015వ సంవత్సరము ఆగస్టు నెలలో షియోమీ అను చైనా సంస్థ ఆంధ్రప్రదేశమునందలి శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ వారి కర్మాగారమున, తన ఫోనులను తయారుచేయింప నారంభించెను. అట్టి ఫోనులకు బిల్లును, పూచీయును, బాగుచేయు కేంద్రములును కలవు. చిక్కెల్ల మఱియొక విధమైన ఫోనులతోనే. అవి మన దేశముకొఱకు చేసినవి కావు. బంధువుల పెట్టెలలోనో, పార్సిళ్ళలోనో, బిల్లు వ్రాయని అంగళ్ళ ద్వారానో వచ్చి చేరును. జగిత్యాల, నిజామాబాదు, కడప, గోదావరి ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయి పనిచేయువారు సెలవులకు వచ్చునపుడు ఇంటివారికై దుబాయిలోని డేరా బజారులలో ఫోనులు కొని తెచ్చుట పరిపాటి.

ఈ ఫోనులు ఇంత చవుక యగుటకు కారణములు కలవు. చైనా దక్షిణభాగమున షెన్‌జెన్ అను నగరము కలదు. అందలి హువాచియాంగ్‌బెయ్ బజారులో ఫోనునకు కావలసిన తెరలు, తొడుగులు, బ్యాటరీలు, మరలు మన కూరగాయల విపణిలో వలె రాశులుగా అమ్ముదురు. తైవానుకు చెందిన మీడియాటెక్ సంస్థ ఫోనును నడుపు చిప్పును, దానికి తగిన సాఫ్ట్‌వేరును కలిపి యొక్కటిగా అమ్మసాగిన పిదప, పెద్ద పరిశోధనాలయములు లేని చిన్న కార్ఖానాలు సైతము ఫోనులు కూర్చి, తోచిన పేరు వేసికొని అమ్మగలిగెను. చైనీయులు వీనిని ‘షాన్‌జాయ్’ వస్తువులనిరి. ఆ మాటకు కొండకోట యని యర్థము. అధికారుల చేతికందక దొంగలు దాగెడి తావు అని భావము. పేరు పెట్టినవారు రసికులే!

అందఱును అవే విడిభాగములు వాడుటచే వెల తగ్గుట న్యాయమైన కారణము. దిగుమతి సుంకమును, 2020 ఏప్రిల్ నుండి ఫోనులపై నున్న 18 శాతము జి.ఎస్.టి.ని చెల్లింపకపోవుటచే వెల తగ్గుట రెండవ కారణము; అది న్యాయము కాదు. పెట్టెపై వ్రాసినది లోపల పెట్టకపోవుట మూడవది. కొనువాడు తనకు దొరకిన చవుకదనము ఈ మూటిలో ఏ జాతిదో మొదట విచారింపవలెను.

మొదటి పరీక్షకు దమ్మిడీ ఖర్చు లేదు. ప్రతి ఫోనునకును ఐఎంఈఐ అను 15 అంకెల గుర్తింపు సంఖ్య యుండును. రెండు సిమ్ములు పట్టు ఫోనునకు రెండు సంఖ్యలుండును. ఫోనులో *#06# అని నొక్కినచో అవి తెరపై కనబడును. అందు మొదటి 8 అంకెలు ఫోను ఏ నమూనాదో తెలుపును. తరువాతి 6 అంకెలు ఆ ఒక్క ఫోనునకే చెందిన వరుససంఖ్య. చివరి అంకె తక్కిన 14 అంకెలనుండి లెక్కగట్టి చేర్చినది. ఈ లెక్క ఎనిమిదవ తరగతి విద్యార్థి కాగితముపై చేయదగినదే. ఎడమనుండి రెండవ, నాలుగవ, ఆఱవ స్థానములు మొదలుగా సరిస్థానములందున్న అంకెలను రెట్టింపు చేయవలెను. రెట్టించినపుడు రెండంకెల సంఖ్య వచ్చినచో ఆ రెండంకెలను కూడవలెను. పిమ్మట అన్నిటిని కలుపగా వచ్చిన మొత్తము 10చే నిశ్శేషముగా భాగింపబడవలెను. 490154203237518 అను సంఖ్యను తీసికొన్నచో, సరిస్థానములందలి 9, 1, 4, 0, 2, 7, 1 అను అంకెలనుండి వరుసగా 9, 2, 8, 0, 4, 5, 2 వచ్చును; వీని మొత్తము 30. బేసిస్థానములందలి 4, 0, 5, 2, 3, 3, 5, 8ల మొత్తమును 30. రెండును కలిసి 60. కావున ఈ సంఖ్య లెక్కకు సరిపోయినది. సరిపోనిచో ఆ సంఖ్య కల్పితమని నిస్సంశయముగా చెప్పవచ్చును.

సరిపోయినంతమాత్రమున ఫోను మంచిదని చెప్ప వలనుపడదు. దొంగముద్ర చెక్కనేర్చినవాడు కూడిక నేర్వకుండునా! మఱియొక ఫోను సంఖ్యనే దీనియందు చెక్కి యుండవచ్చును. అందుచే ఆంగ్లమున కె.వై.ఎం. అను మూడక్షరములు వ్రాసి, కొంచెమెడమిచ్చి, ఆ 15 అంకెల సంఖ్యను 14422 సంఖ్యకు సందేశముగా పంపవలెను. ఆ సంఖ్యగల ఫోను ఏ సంస్థదో, ఏ నమూనాదో ప్రత్యుత్తరము వచ్చును. పెట్టెపై నొక పేరును, ప్రత్యుత్తరమున మఱియొక పేరును ఉన్నచో దానిని వెంటనే తిరిగి యీయవలెను. 2009వ సంవత్సరాంతమున మన దేశమున ఐఎంఈఐ సంఖ్య లేని ఫోనులకు సేవ నిలిపివేసిరి. చవుకయని కొనిన ఎందఱి ఫోనులో ఆనాడు ఒక్క పెట్టున మూగవోయెను. 2023 మే నెలనుండి కేంద్రప్రభుత్వపు సంచార్ సాథి ద్వారా దొంగిలింపబడిన ఫోనులను దేశమంతట పనిచేయకుండ చేయుటకును ఏర్పాటు కలదు. కావున దొంగసొత్తును తెలియక కొన్నవాని సొమ్మును నీటిపాలే.

రెండవ పరీక్ష తరంగములకు సంబంధించినది. ఫోను గాలిలో మాటాడునది. ఏ పౌనఃపున్యమున మాటాడవలెనో దేశ దేశమునకు వేఱుగా నిర్ణయించుకొనిరి. మన దేశమున 4జి సేవకు 850, 900, 1800, 2100, 2300, 2500 మెగాహెర్ట్జ్ తరంగములు వాడుకలో నున్నవి. జియో సంస్థ 2016 సెప్టెంబరులో 2జి, 3జి లేకుండ 4జి తోనే సేవ నారంభించెను. కావున 4జి తరంగముపై మాటను పంపు వోల్టే అను శక్తి లేని ఫోనులో జియో సిమ్ము వేసినచో మామూలుగా పిలుచుటకు వీలులేదు. అమెరికాలో ఒక సంస్థ సేవకే తాళము వేసి తక్కువ వెలకు అమ్మిన ఫోను ఇచ్చటికి వచ్చి ఏ సిమ్మును అంగీకరింపక పోవచ్చును. అచ్చటను ఇచ్చటను 700 మెగాహెర్ట్జ్ అను పేరొకటే యైనను, దానిలో వాడు భాగములు వేఱు. పేరు చూచి భ్రమపడరాదు. చైనాలో అమ్మకమునకై చేసిన ఫోనులు ఈ విషయమున సాధారణముగా మేలు. 1800, 2300, 2500 తరంగములు వానికి పరిచితములే.

అయినను ఆ ఫోనులకు చిక్కు మఱొకచోట నున్నది. ఆండ్రాయిడ్ అనునది ఫోనును నడుపు మూల సాఫ్ట్‌వేరు. 2003లో అమెరికాలో నొక చిన్న సంస్థగా పుట్టినదానిని 2005లో గూగుల్ కొనెను; 2008లో దానితో నడచు మొదటి ఫోను విపణికి వచ్చెను. దాని మూలభాగమును ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును. కాని ప్లే స్టోరు మొదలగు గూగుల్ సేవలు చేర్చుటకు ఆ సంస్థ పరీక్షింపవలెను, అనుమతింపవలెను. చైనాలో గూగుల్ సేవలు లభింపవు గనుక ఆ దేశపు ఫోనులలో ఇవి సాధారణముగా నుండవు. అంగడివాడు తానే వానిని ఎక్కించి యిచ్చును. వానితోపాటు మఱేమి యెక్కించెనో ఎవరికి తెలియును?

ఇది ఊరక అనుమానించుట కాదు. అమెరికాలో అమ్మిన కొన్ని చవుక ఆండ్రాయిడ్ ఫోనులు, యజమానులకు వచ్చిన సంక్షిప్త సందేశములను 72 గంటల కొకమారు వారికి తెలియకుండ చైనాలోని కంప్యూటరునకు పంపుచుండెనని 2016 నవంబరులో క్రిప్టోవైర్ అను భద్రతాసంస్థ వెల్లడించెను. ట్రయాడా అను హానికరమైన సాఫ్ట్‌వేరు కొన్ని ఫోనులలో అవి కొనువాని చేతికి రాకముందే చొచ్చియుండెనని 2019 జూనులో గూగుల్ సంస్థయే ప్రకటించెను. ఇట్టిది మూల సాఫ్ట్‌వేరులో కలిసిపోవుటచే ఫోనును పూర్తిగా తుడిచి మరల ఆరంభించినను పోదు. సంక్షిప్త సందేశమే కదా యని తీసివేయ వలనుపడదు. బ్యాంకు పంపు రహస్యసంఖ్య వచ్చునది ఆ సందేశములోనే. తండ్రి పంటసొమ్మును, పిల్లవాని ఉపకారవేతనమును నేడు ఫోనునందే మెలగుచున్నవి. ఆఱు వేలకు ఫోను కొని, అరువదివేల పంటసొమ్మునకు తాళపుచెవి యపరిచితునికి ఇచ్చినట్లగును.

దీనికి పరీక్ష యేమనగా, ప్లే స్టోరు సెట్టింగులలో ఫోను ‘ప్లే ప్రొటెక్ట్’ ధ్రువీకరణ పొందినదో లేదో వ్రాసియుండును, అది చూడవలెను. భద్రతా నవీకరణ యొక్క తేది మఱియొక చోట నుండును. కొత్త ఫోనులో ఆ తేది రెండేండ్ల నాటిదైనచో దానిని చేసినవారు అప్పుడే మఱచిరని గ్రహింపవలెను.

పెట్టెపై పెద్ద అంకెల సంగతి. 8+8 జి.బి. అని వ్రాసినచో అందు రెండవ 8 నిజమైన ర్యామ్ కాదు. నిలువచేయు తావులో కొంత యెరువు తీసికొన్నది. 50 మెగాపిక్సెల్ కెమెరా సాధారణముగా నాలుగేసి చుక్కలను కలిపి 12.5 మెగాపిక్సెల్ చిత్రమునే యిచ్చును. అది మోసము కాదు, పద్ధతి. కాని వెనుక నాలుగు కెమెరాలున్నట్లు కనబడినపుడు ఒక్కొక్కదానిని వ్రేలితో మూసి చూడవలెను. కొన్నింట రెండు మూడు గాజుబిళ్ళలు ఉత్త అలంకారములే. బ్యాటరీని త్రాసు పట్టి యిచ్చును. 10,000 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీ ఒక్కటియే నూఱు గ్రాములకు మించి తూగును. ఫోనంతయు కలిసి 150 గ్రాములే తూగినచో ఆ అంకె నమ్మదగినది కాదు. కూరగాయల అంగడి త్రాసు దీనికి చాలును.

చార్జరుపైనను, పెట్టెపైనను భారతీయ ప్రమాణముల సంస్థ వారి గుర్తును, దాని క్రింద ఆర్ అను ఆంగ్లాక్షరముతో మొదలగు 8 అంకెల సంఖ్యయు నుండవలెను. బి.ఐ.ఎస్. కేర్ అను యాప్‌లో ఆ సంఖ్య వేసినచో తయారుచేసినవారి పేరు తెలియును. దిగుమతి చేసినవారి పేరును చిరునామాయు పెట్టెపై నుండుట చట్టము. బిల్లున్న ఫోను చెడినచో 1915 సంఖ్యకు ఫోనుచేసి వినియోగదారుల సహాయమును కోరవచ్చును. బిల్లు లేనివాడు ఎవరిపై ఫిర్యాదు చేయును? తెర పగిలినచో కష్ట మింకను పెద్దది. హైదరాబాదు ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్టులో ఎట్టి ఫోనునైనను విప్పి బాగుచేయు నేర్పరులు కలరు. అయినను మన దేశమున అమ్మని నమూనాకు సరిపడు తెర లేనిచో వారు మాత్రమేమి చేయుదురు? పేరు తెలియని క్రొత్త ఫోనుకంటె, మన దేశమున అమ్మిన, బిల్లుగల, ఒకటి రెండేండ్లు వాడిన ఫోనే పేదవానికి మేలగుట తఱచు.

గల్ఫులో నున్న అన్న తమ్మునికై ఫోను కొనదలచినచో, కొనకముందే దాని పూర్తి నమూనా సంఖ్యను ఇంటికి తెలుపుట మంచిది. మోడలు పేరొకటే యైనను దేశమునుబట్టి చివరి యక్షరములు మాఱును. తరంగముల పట్టికయు మాఱును. ఇంట తమ్ముడు ఆ పట్టికను తమ ఊరి సిమ్ముతో పోల్చి చూడవలెను. పిమ్మట అన్న ఫోను కొని, బిల్లు తీసికొని, ఐఎంఈఐ సంఖ్యలు పంపినచో, తమ్ముడు కాగితముపై లెక్క చేసి, 14422కు సందేశము పంపి, ఫలితము తెలుపవచ్చును. ఇదంతయు సెలవు దినమునకు వారము రోజులు ముందుగానే జరుగవలెను. డేరాలోని అంగడి విమానమెక్కకముందే అందుబాటులో నుండును.