మల్లవీరుడు మిహాయిన్ లోపెజ్

మన గ్రామములలో కుస్తీపట్టు చూడని బాలుడు అరుదు. ఎదిరి కాలు నొడిసిపట్టి పడద్రోయుట అందు సామాన్యము. గ్రీకో-రోమన్ కుస్తీలో నిది నిషిద్ధము. నడుమునకు క్రిందుగా చేయి వేయరాదు, కాలితో తట్టరాదు. బాహువుల బలముచేతను, నడుము బిగువుచేతను మాత్రమే ప్రత్యర్థిని ఎత్తి వెల్లకిల వేయవలెను. మూడేసి నిమిషముల రెండు భాగములలో పోరు ముగియును. పేరునుబట్టి యిది ప్రాచీన గ్రీకుల విద్యయని పలువురు తలంతురు గాని, ఇప్పటి రూపము 19వ శతాబ్దమున ఫ్రాన్సు దేశమున ఏర్పడినది. ఈ విద్యయందు ఐదు ఒలింపిక్ స్వర్ణపతకములు గెలిచిన మిహాయిన్ లోపెజ్ చరిత్రమును కొంత వ్రాయుచున్నాము.

లోపెజ్ 1982 ఆగస్టు 20వ తేదీన క్యూబా ద్వీపములోని పినార్ దెల్ రియో ప్రాంతమున ఎర్రదూరా అను నూర జన్మించెను. 2004లో ఆథెన్సు ఒలింపిక్ క్రీడలకు అన్నదమ్ము లిరువురు వెళ్ళిరి. అన్న మిషెల్ ముష్టియుద్ధమున కాంస్యపతకము గెలిచెను. తమ్ముడు రష్యా మల్లుడగు హసన్ బరోయెవ్ చేతిలో నోడి, ఐదవ స్థానముతో రిక్తహస్తుడై మరలెను. నాలుగేండ్లకు బీజింగులో తుదిపోరున ఎదుట నిలిచినవాడు ఆ బరోయెవే! ఈసారి గెలుపు లోపెజ్‌ది. పిదప 2012లో లండనునందు, 2016లో రియోయందు, 2021లో జరిగిన టోక్యో క్రీడలయందు స్వర్ణమతనిదే. టోక్యోలో ప్రత్యర్థు లెవ్వరును అతనిపై ఒక్క పాయింటైనను సంపాదింపలేకపోయిరి.

ఇంతకంటె మా మనస్సున నాటినది మరియొకని కథ. ఒలింపిక్ క్రీడలకు ఒక్కొక్క బరువు తరగతికి దేశమునుండి ఒక్కనినే పంపుదురు. లోపెజ్ తరగతికే చెందిన యస్మానీ అకోస్తా అను యువకుడు క్యూబాలో అతనితో కలిసి సాధన చేయుచుండెను. పెద్దవాడు స్వర్ణములు తెచ్చుచున్నంతకాలము చిన్నవానికి చోటెక్కడిది? 2015లో పోటీకై చిలీ దేశమునకు వెళ్ళిన అకోస్తా తిరిగి రాక అచ్చటనే నిలిచిపోయెను. స్వదేశమును, స్వజనమును విడుచుట స్వల్పకార్యము కాదు. అది తగునో తగదో మేము తీర్పు చెప్పజాలము. ఏటేట ప్రథమ బహుమానము పొందినవాని పేరు అచ్చువేయించు మాబోటి ఉపాధ్యాయులు రెండవవాడేమాయెనని అడుగుట అరుదు. చిలీ పక్షమున టోక్యోలో పోరాడిన అకోస్తా ఐదవవాడాయెను. ఆథెన్సులో లోపెజ్‌కు దక్కిన స్థానము నదియే.

2024 ఆగస్టు 6న పారిసు నగరమున 130 కిలోల తరగతి తుదిపోరు జరిగెను. ఒకవైపు లోపెజ్, ఒకవైపు అకోస్తా. లోపెజ్‌కు 42 ఏండ్లు నిండుటకు రెండు వారములే కొదువ. అయినను 6–0 పాయింట్లతో గెలిచెను. ఒకే వ్యక్తిగత క్రీడాంశమున ఐదు ఒలింపిక్ స్వర్ణములు పొందినవాడు అంతకు ముందెవ్వడును లేడు. పిమ్మట అతడు పాదరక్షలు విప్పి బరి నడుమ విడిచిపెట్టెను. ఇకమీదట పోటీలకు దిగనని మల్లులు తెలుపు రీతి యది. అకోస్తాకు రజతపతకము లభించెను. కుస్తీయందు చిలీ దేశమునకు ఒలింపిక్ పతకము దక్కుట అదియే మొదటిసారి.