నీళ్లలో మీ బిడ్డ, మీ చేతుల్లో భద్రం



సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు స్నానం చేయించడం ఎంత కష్టమో మీకు తెలుసు. కాళ్లు బిగుసుకుపోతాయి, చేతులు ముడుచుకుంటాయి. "నీళ్లంటేనే బెదిరిపోతాడు సిస్టర్" అని చాలామంది తల్లులు అంటారు. కాని జాగ్రత్తగా వాడితే ఆ నీళ్లే బిడ్డకు మంచి వ్యాయామం.

నీరు ఎలా సహాయపడుతుంది?

నీరు శరీరాన్ని పైకి తేలుస్తుంది. నడుము లోతు నీటిలో నిలబడితే కాళ్లపై పడే బరువు సుమారు సగానికి తగ్గుతుంది. అందుకే నేల మీద నిలబడలేని పిల్లల్లో కొందరు నీటిలో ఆసరాతో అడుగు వేస్తారు. గోరువెచ్చని నీటిలో కండరాలు కాస్త వదులవుతాయి. చన్నీళ్లలో ఇంకా బిగుసుకుంటాయి.

1949లో లండన్‌లోని హాలివిక్ అనే వికలాంగ బాలికల పాఠశాలలో జేమ్స్ మెక్‌మిలన్ ఈత నేర్పడం మొదలుపెట్టారు. గాలి ట్యూబులు ఉండవు. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క మనిషి తోడుంటారు. ఆ పద్ధతిని నేటికీ అనేక దేశాల్లో వాడుతున్నారు.

ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?

1. ముందుగా డాక్టరును, ఫిజియోథెరపిస్టును అడగండి. బిడ్డను పట్టుకునే తీరు వారి దగ్గర చూసి నేర్చుకోండి.
2. తిన్న తరువాత కనీసం గంట ఆగండి.
3. టబ్బులో ముందు చన్నీళ్లు, తరువాత వేడినీళ్లు పోసి కలపండి. మోచేతితో వేడి చూడండి. బిడ్డ లోపల ఉండగా వేడినీళ్లు పోయవద్దు.
4. జారకుండా అడుగున తువాలు పరచండి. ఒక చేయి మెడ, భుజాల కింద ఉంచి, ముందు పాదాలు, తరువాత కాళ్లు, నడుము నెమ్మదిగా దింపండి.
5. కాళ్లు ఆడించనివ్వండి. నీటి మీద ఉఫ్ అని ఊదించండి. ఊపిరిపై అదుపు వస్తుంది.
6. పది నిమిషాలతో మొదలుపెట్టండి. వణికితే వెంటనే తీసి, ఒళ్లు తుడిచి కప్పండి.

జ్వరం, విరేచనాలు, చెవిలో చీము, మానని పుండు, అదుపులో లేని ఫిట్స్ ఉంటే ఈ వ్యాయామం చేయించవద్దు. చెరువు, కాలువ, బావి అసలే వద్దు.

ఒక్క క్షణం కూడా వదలవద్దు

ఒక తల్లి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని బిడ్డను టబ్బులో వదిలి లేచింది. తిరిగి వచ్చేసరికి బాబు ముఖం నీళ్లలో ఉంది. దేవుని కృపవల్ల బ్రతికాడు. మెడ నిలపలేని బిడ్డ పక్కకు తిరగలేడు, అరవలేడు. జానెడు నీళ్లు చాలు, ప్రాణం పోవడానికి. పాలు పొంగితే పొంగనివ్వండి. తువాలు, బట్టలు ముందే దగ్గర పెట్టుకోండి.

ఆ తల్లి తరువాత బిడ్డను నీళ్ల దగ్గరకు తీసుకురావడానికే భయపడింది. మేము ఆమె పక్కన కూర్చుని మళ్లీ మొదటినుండి నేర్పాము. ఆమె చేతుల వణుకు తగ్గాక బాబు ఒళ్లు కూడా వదులయింది. ఒకరోజు నీళ్లు చిమ్మి నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమె ఏడ్చింది.

నీరు మెదడుకు తగిలిన దెబ్బను మాన్పదు. మందులు, ఇతర వ్యాయామాలు ఆపవద్దు. కాని రోజంతా బిగుసుకుని ఉండే బిడ్డకు కొంతసేపైనా హాయి దొరుకుతుంది. ఆ హాయి మీ చేతులద్వారానే వస్తుంది.

దేవుడు మీ బిడ్డను, మీ చేతులను దీవించును గాక.