పాత కారు – కొత్త యజమాని

మోటారు కారు ఒకప్పుడు సంపన్నులకూ, పెద్ద ఉద్యోగులకూ మాత్రమే అందిన వస్తువు. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కిన తరువాత ఆ స్థితి క్రమంగా మారింది. 2014 జనవరిలో దాని తయారీ నిలిచిపోయినప్పటికీ మన పట్టణాల వీధులలో ఆ చిన్న బండి నేటికీ కనిపిస్తూనే ఉన్నది. చదువు ముగించి ఉద్యోగంలో కుదురుకున్న యువకుడు ఇంటికి తొలిసారిగా తెచ్చే కారు చాలా సందర్భాలలో ఇటువంటి పాతదే. కొనడానికి సొమ్ము ఎలాగో సమకూరుతుంది. దానిని పోషించే విద్య మాత్రం ఏ తరగతిలోనూ బోధింపబడదు. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాము.

కాగితాల సంగతి మొదట చెప్పుకుందాం. మోటారు వాహనాల చట్టం ప్రకారం కొన్నవాడు 30 దినాలలోగా యాజమాన్యపు మార్పిడిని నమోదు చేయించుకోవాలి. బీమాను తన పేరిట మార్చమని 14 దినాలలోగా బీమా సంస్థను కోరాలి. ప్రమాదం జరిగినప్పుడు రిజిస్టరులో ఎవరి పేరు ఉంటే వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. కాబట్టి అమ్మినవానికి కూడా ఇది ప్రాణసంకటమే. రిజిస్ట్రేషన్ కాలపరిమితి 15 సంవత్సరాలు. అది దాటిన బండికి తనిఖీ చేయించి అయిదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు పెరిగింది. బేరమాడే వేళ ఈ లెక్క మరువరాదు.

బండి చేతికి రాగానే చాలామంది సీటు కవర్లకూ, పాటల పెట్టెకూ డబ్బు పోస్తారు. మా అభిప్రాయంలో తొలి రూపాయి బ్రేకులకు చెందాలి. బ్రేకు నూనెకు గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం ఉన్నది. తేమ చేరినకొద్దీ అది తక్కువ వేడికే మరుగుతుంది. తిరుమల, శ్రీశైలం వంటి ఘాట్ల మీద దిగేటప్పుడు ఎడతెగక బ్రేకు తొక్కితే ఆ వేడికి గొట్టాలలో ఆవిరి బుడగలు పుడతాయి. పెడల్ మెత్తగా నేలను తాకుతుంది గాని బండి ఆగదు. లోపల కూర్చున్నది అమ్మానాన్నలూ, పసిపిల్లలూ. పాత యజమాని నూనె ఎప్పుడు మార్చాడో తెలియదు కనుక కొన్న వారంలోనే పూర్తిగా మార్పించి, ఆ తరువాత రెండేళ్లకొకసారి మార్పించాలి. దిగుడులో గేరు తగ్గించి నడపాలన్నది వేరే చెప్పనక్కరలేదు. ఇంజను ఆపి, పెడల్‌ను గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టి ఉంచండి. అది మెల్లగా కిందికి జారుతూ ఉంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. చక్రం లోపలి వైపు తడి కనిపించినా అంతే. డబ్బాలో నూనె తగ్గిందని ఇంజను ఆయిలు పోయడం మహాపచారం. లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి బ్రేకులే పట్టుబడతాయి.

టైరు ప్రక్కన అచ్చు వేసిన నాలుగు అంకెలు దాని జన్మపత్రిక. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో పుట్టినదన్నమాట. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ టైరు పనికిరాదు. గాడులు బాగున్నా ఏళ్లు గడిచిన రబ్బరు బిగిసి పగుళ్లు చూపుతుంది. నునుపైన నలుపు రంగు పూసి అమ్మేవారున్నారు, జాగ్రత్త.

మన ఎండలలో పాత ఇంజనుకు మరో శత్రువు వేడిమి. దానిని గుర్తించడానికి తర్కం చాలు. ట్రాఫిక్‌లో నిలిచినప్పుడే ముల్లు పైకి పోయి, పరుగెత్తితే దిగితే, దోషం విద్యుత్ ఫ్యానుదో దానిని తిప్పే స్విచ్చిదో. వేగంగా పోతున్నప్పుడు కూడా పెరిగితే నీరు తగ్గిందనో, రేడియేటరు పూడిందనో అనుమానించాలి. బోరు నీటిలోని లవణాలు సన్నని గొట్టాలలో పేరుకుంటాయి కనుక డిస్టిల్డ్ వాటరులో కూలెంటు కలిపి పోయడమే మేలు. కొందరు మెకానిక్కులు వేడెక్కుతున్నదని థర్మోస్టాట్‌నే పీకివేస్తారు. అది జ్వరమాపకాన్ని విరగగొట్టి జ్వరం తగ్గిందన్నట్లే. ఇంజను తగినంత వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగి, త్వరగా అరుగుతుంది. వేడి మీద ఉన్న రేడియేటరు మూతను ఎన్నడూ తీయరాదు. ముల్లు ఎర్రగీతను తాకిన తరువాత కూడా ‘ఇంకొక్క మైలు’ అని నడిపితే అల్యూమినియం హెడ్డు వంగుతుంది. అప్పుడయ్యే ఖర్చు పాత బండి వెలలో పెద్ద భాగమే.

ఇంజను ఆయిలు పుల్లను వారానికొకసారి తీసి చూడాలి. ఆయిలు పాలమీగడ రంగుకు తిరిగితే నీరు కలిసిందన్నమాట. నీలిపొగ ఆయిలు మండుతున్నదనీ, నల్లపొగ పెట్రోలు ఎక్కువైనదనీ చెబుతాయి. తెల్లవారుజామున కాస్త తెల్లని ఆవిరి వస్తే భయపడనక్కరలేదు; ఎండ ఎక్కినా ఆగకుంటే భయపడాలి. టైమింగ్ బెల్టు తెగేముందు సాధారణంగా హెచ్చరించదు. ఎప్పుడు మార్చారో ఆధారం లేకపోతే వెంటనే మార్పించడమే.

నేటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నది. కార్బురేటరు కాలపు బండ్ల రబ్బరు గొట్టాలు దానిని ఉద్దేశించి చేసినవి కావు. అవి మెత్తబడతాయి, చిట్లుతాయి. బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన వస్తే బండి కదపరాదు.

మన షెడ్డులలో పెద్ద మెకానిక్కును ‘ఉస్తాద్’ అని పిలవడం ఉర్దూ మనకిచ్చిన అందమైన అలవాటు. ఆ మాటకు గురువని అర్థం. అయితే గురువు వద్దకు ప్రశ్నతో పోవాలి. ‘బండి బాగోలేదు’ అనక, ‘మూడో గేరులో ఎక్కం మీద, వేడెక్కిన తరువాత, ఎడమ ముందు చక్రం దగ్గర శబ్దం వస్తున్నది’ అని చెప్పగలిగితే పని సగం తీరుతుంది. తీసివేసిన పాత భాగాన్ని చేతికిమ్మని అడగండి. మంచి ఉస్తాద్ ఎవరూ నొచ్చుకోరు. కారులో ఒక రూపాయల లెక్కల పుస్తకం ఉంచి తేదీ, కిలోమీటర్లు, మార్చిన భాగం, అయిన ఖర్చు ఎప్పటికప్పుడు వ్రాయండి. రేపు ఆ బండిని కొనేవాడు మొదట అడిగేది ఆ పుస్తకమే.