నౌకాయాత్రకు ముందు వీసా విచారణ

విహారనౌకకు టిక్కెట్టు కొన్నంతమాత్రమున యాత్ర సిద్ధమైనదని తలచుట పొరపాటు. నౌక ఆగు ప్రతి దేశపు నియమములను ముందుగా విచారింపవలెను. గ్రీసులోని పిరేయస్ రేవున నౌక నెక్కి, తుర్కీలోని కుశాదసి చూచి, మరల పిరేయస్‌లో దిగుదు మనుకొందము. గ్రీసు షెంగెన్ కూటమిలోనిది, తుర్కీ కాదు. కావున తిరిగి వచ్చుట రెండవ ప్రవేశమగును. ఇది తెలియక ఏకప్రవేశ వీసాతో వెళ్లిన మా విద్యార్థి తాతగారొకరు, మనుమలు నౌక యెక్కుచుండగా రేవుననే నిలిచిపోయిరి. బహుప్రవేశ వీసాయే కోరవలెను. తుర్కీ వీసా సంగతిని నౌకాసంస్థ నుండి వ్రాతమూలముగా తెలిసికొనుడు.

షెంగెన్ దరఖాస్తును ప్రయాణమునకు 6 నెలల లోపున, కనీసము 15 దినముల ముందుగా సమర్పింపవలెను. పిల్లల దరఖాస్తులకు తల్లిదండ్రుల సంతకము వలయును. తండ్రి దూరదేశమున నున్నచో ఆ పత్రము తెప్పించుటయే అన్నిటికంటె ముందు పని.