పక్క ప్లాటులో మూడంతస్తులు: మీ అభ్యంతరం ఏ కాగితం మీద ఉంది?

మీ గల్లీలో రెండు వందల గజాల ఖాళీ జాగ. నిన్నటిదాకా అక్కడ బర్లు కట్టేసేవారు. ఇవాళ ముగ్గు పోసి పునాది తీస్తున్నారు. అంతస్తుకు రెండు చొప్పున ఆరు పోర్షన్లట. ముందున్నదేమో పన్నెండడుగుల బాట, మూరెడు మోరీ. గ్రామసభలో ఒక అక్క లేచి, "ఇప్పటికే వానొస్తే మోరీ నీళ్లు ఇంట్లకొస్తున్నయ్. ఇంకో ఆరు కుటుంబాలు దిగితే నీళ్లెటు పోవాలె సారూ?" అని అడుగుతుంది. "చూద్దాంలే అమ్మా" అంటారు. సభ ముగుస్తుంది. ఆమె మాట మినిట్స్ పుస్తకంలోకి ఎక్కదు.

2016లో జనగామ జిల్లాతో పాటే పుట్టిన చిల్పూర్ లాంటి మండలాల్లో ఇలాంటి పేచీ వస్తే, ముందుగా తేల్చుకోవలసింది ఒక్కటే. ఆ జాగ ఏ కోవలోకి వస్తుంది?

మాస్టర్ ప్లాన్ లేని ఊళ్లో జోన్ మార్పు అనే మాటే రాదు. అక్కడ ఉండేది ఇంటి పర్మిషన్. 2002 నాటి లేఅవుట్, భవన నియమాల ప్రకారం 300 చదరపు మీటర్ల లోపు, అంటే సుమారు 360 గజాల జాగలో, పది మీటర్ల ఎత్తు, జీ ప్లస్ టూ వరకు పంచాయతీయే అనుమతి ఇస్తుంది. అది దాటితే పట్టణ, గ్రామీణ ప్రణాళిక విభాగం, అంటే డీటీసీపీ సాంకేతిక ఆమోదం కావాలి. నాలా కన్వర్షన్ కాగితం చూపించి "అంతా క్లియర్" అనేవాళ్లుంటారు. అది ఆ భూమి వ్యవసాయేతరమని చెప్పే కాగితమే తప్ప ఇంటి పర్మిషన్ కాదు.

పర్మిషన్ ఉండి, చుట్టూ వదలవలసిన సెట్‌బ్యాక్ వదిలి కట్టుకుంటే పక్కింటివాళ్లు ఆపలేరు. ముగ్గురు కొడుకులున్న తండ్రి పొలం అమ్మకుండా ఉన్న జాగలోనే పైకి కట్టుకుంటానంటే అందులో తప్పేముంది? అద్దెకు ఎవరు దిగుతారో, ఏ కులంవాళ్లు వస్తారో అన్న అభ్యంతరానికి చట్టంలో చోటు లేదు. ఉండకూడదు కూడా. మోరీ సంగతి, బాట వెడల్పు, బోరు నీళ్లు మాత్రం అడిగి తీరవలసినవే.

మీ ఊరు కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, అంటే కుడా పరిధిలో ఉంటే లెక్క వేరు. ఉందో లేదో కార్యదర్శిని అడగండి. ఉంటే 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం 12వ సెక్షన్ మీకు ఆయుధం. ప్లాన్‌లో చిన్నాచితకా సవరణలు సంస్థ చేసుకోవచ్చు. భూ వినియోగాన్ని గానీ, జనసాంద్రత ప్రమాణాన్ని గానీ మార్చాలంటే మాత్రం ప్రభుత్వమే చేయాలి. దానికి ముందు పత్రికలో నోటీసు వేసి, అభ్యంతరాలు పిలిచి, వచ్చినవాటిని పరిశీలించాలి. ఆ నోటీసు చిన్న అక్షరాల్లో, సర్వే నంబర్లతో ఒక మూలన వస్తుంది. గడువు సాధారణంగా పదిహేను రోజులే ఉంటుంది కాబట్టి చూసిన రోజే చివరి తేదీ రాసిపెట్టుకోండి.

మూడో కోవ అందరూ మరిచిపోయేది. వెంచర్ వేసినప్పుడు పార్కు కోసం వదిలి, గిఫ్ట్ డీడ్‌తో పంచాయతీకి రాసిచ్చిన జాగ అందరిదీ. పిచ్చిమొక్కలు మొలిచాయని అది ప్లాటు అయిపోదు. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇచ్చినప్పుడు కాలనీవాసులే కోర్టుకెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదన్నది, అడిగే హక్కు ఆ కాలనీవాళ్లకు ఉందని తేల్చింది.

కామారెడ్డి సంగతి గుర్తుందా? మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో పంట పొలాలను ఇండస్ట్రియల్ జోన్‌గా చూపారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. రైతులు కలెక్టరేట్ ముందు బైఠాయించారు, పట్టణం బంద్ అయింది. 2023 జనవరి 20న కౌన్సిలే ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. ముసాయిదా అంటే ఖరారు కాదు, మార్చగలిగే దశ. ఆ దశలోనే గొంతెత్తాలి. ప్రాణం పోయేదాకా పరిస్థితి ఎవరికీ రాకూడదు.

ఇక కాగితం సంగతి. "మాకు ఇష్టం లేదు" అని రాస్తే పనికిరాదు. టేపు పట్టి బాట కొలవండి. మోరీ వెడల్పు, లోతు రాయండి. వాన వెలిసిన గంటకు నీళ్లు ఎక్కడిదాకా నిలిచాయో ఫొటో తీసి జతచేయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. అక్కడ మాట్లాడితే, ఆ మాట మినిట్స్‌లో రాశాకే లేవండి.

పర్మిషన్ కాపీ, మంజూరైన ప్లాన్ ఆర్టీఐ కింద అడగండి. గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. ప్లాన్‌లో జీ ప్లస్ టూ ఉండి నాలుగో స్లాబు పడుతుంటే పంచాయతీకి, జిల్లా పంచాయతీ అధికారికి రాయండి. అయినా కదలకపోతే 226వ అధికరణం కింద హైకోర్టు ఉంది. అక్కడ మీ వకీలు మొట్టమొదట అడిగేది ఆ ముద్ర పడిన ప్రతినే. వకీలుకు పైసలు లేవని ఆగిపోవద్దు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.