తీరని ఆకలి - మేదోరోగము

పాల్వంచలోని మా వైద్యశాలకు ఒక తల్లి తన పదమూడేళ్ల కుమారుని తీసుకొని వచ్చినది. స్థూలకాయము, రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు అధికము. "ఎంత పెట్టినా వీడికి కడుపు నిండదు అయ్యగారూ" అని ఆమె వాపోయినది. నాలుకను అదుపులో ఉంచుకొమ్మని బాలుని మందలించి పంపితిని. అది నా తొందరపాటు.

చరకుడు సూత్రస్థానము 21వ అధ్యాయమున అతిస్థౌల్యమునకు ఆహారవిహారములతోపాటు బీజస్వభావమును కూడ కారణముగా చెప్పెను. మేదస్సు స్రోతస్సులను అడ్డగించగా, వాయువు కోష్ఠమున సంచరించి జఠరాగ్నిని రగుల్కొల్పును. అందుచే క్రొవ్వు పెరిగిన కొలది ఆకలియు పెరుగును. గురుకులమున వల్లించిన ఈ మాట ఆనాడు నాకు స్ఫురించలేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో పెంచుచున్న విస్టార్ ఎలుకలలో, 1990వ దశకమున, సహజముగానే స్థూలకాయము గలవి కొన్ని కనబడినవి. ఆ లక్షణము వంశపారంపర్యము. వాటికి ఆకలి మిక్కుటము. రక్తమున కొలెస్టరాల్, ట్రైగ్లిజరైడ్లు, ఇన్సులిన్ అధికము.

దీని మర్మము కణముల నడుమ సాగు సంకేతములలో ఉన్నది. 1994లో అమెరికాలో కనుగొనబడిన లెప్టిన్ అను హార్మోనును క్రొవ్వు కణములు స్రవించును. అది మెదడునకు చేరి "నిల్వ చాలును" అని తెలుపగా ఆకలి తగ్గును. ఈ ఎలుకలలో లెప్టిన్ పుష్కలముగా ఉన్నను దాని సంకేతము ఫలించదు. ఇన్సులిన్ సంగతియు అంతియే. దాని ఆజ్ఞ చెల్లనపుడు క్రొవ్వు కణముల నుండి కొవ్వు ఆమ్లములు కాలేయమునకు వెల్లువగా చేరును. కాలేయము వానిని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి రక్తమున విడుచును.

చరకుని వాయువును, లెప్టిన్‌ను ఒక్కటే అని నేననను. ఎలుకలో చూచినదెల్ల మనిషికి వర్తించదు. అయినను ఆకలి అన్నివేళల మన స్వాధీనములో ఉండదని రెండును తెలుపుచున్నవి.

మరి చేయవలసినదేమి? కడుపు నిండవలెను, క్రొవ్వు పెరుగరాదు. చరకుడు చెప్పిన 'గురు, అపతర్పణ' ఆహారమునకు భావమిదే. జొన్నలు, కొర్రలు, అరికలు, పెసలు, ఉలవలు ఆయన పేర్కొన్నవే. మన అడవి పల్లెలు ఎరిగినవే. వెన్న తీసిన మజ్జిగ, నిత్య వ్యాయామము తోడు కావలెను. ఎదుగు పిల్లలను పస్తులుంచరాదు. తీరని ఆకలితో వేగముగా లావెక్కు బిడ్డను పిల్లల డాక్టరుకు తప్పక చూపవలెను. డాక్టరు ఇచ్చిన మాత్రలను ఇంటి వైద్యము పేరిట మాన్పరాదు.

ఆ తల్లి మరల వచ్చినపుడు పథ్యము చెప్పుటకు ముందు బాలునితో, "తప్పు నీది కాదు నాయనా" అంటిని. వాడు తొలిసారి తలయెత్తి చూచినాడు.