సైకిలు కొనుటయా, కొలతకు చేయించుటయా?

పోటీల కాలమున ఒక విద్యార్థి తండ్రి పాఠశాలకు వచ్చి యిట్లడిగెను: "అయ్యవారూ! మావాడు సైకిలు పందెములో దిగుదునని పట్టుబట్టినాడు. వంగిన హ్యాండిల్ గల రోడ్డు సైకిలు కావలెనట. షాపులో సిద్ధముగ నున్నది కొనవలెనా, లేక పెద్ద పట్టణములో ఒంటి కొలతకు చేసియిచ్చువారి వద్ద చేయించవలెనా? చేయించుటయే మేలని తాము చెప్పినచో, పాలిచ్చు ఆవును అమ్మియైనను చేయింతును."

ఆవు మాట వినగానే నాకు వెంటనే బదులు చెప్పుటకు నోరాడలేదు. ఇట్టి సందేహము పెక్కు ఇండ్లలో కలుగుచున్నది. కావున ఆ తండ్రితో నేను చెప్పిన మాటలనే తల్లిదండ్రులందరి కొరకు ఇచట క్రమముగ వ్రాయుచున్నాను.

రెండు మార్గములు

చొక్కాను దర్జీ వద్ద కుట్టించుకొనవచ్చును, బజారులో సిద్ధముగ నున్నదానిని కొనవచ్చును. సైకిలు సంగతియు నట్టిదే. కర్మాగారములో ఒక్కొక్క నమూనాకు కొన్ని నిర్ణీత కొలతలలో ఫ్రేములు తయారగును. కొనువాడు వానిలో తనకు దగ్గరగ నున్నదానిని ఎన్నుకొనును. రెండవ మార్గమున పనివాడు మనిషి కాలు, చేయి, మొండెము కొలిచి, గొట్టములను ఆ కొలతకు కోసి అతికించి ఫ్రేము చేయును. ఈ రెండవదానికి అయ్యెడి వ్యయము మొదటిదానికంటె అనేక రెట్లు. నెలల తరబడి వేచియుండవలెను.

అయినను చొక్కాకు, సైకిలుకు ఒక భేదము కలదు. బజారు చొక్కా చేతులు పొట్టియైనచో పొడిగింప వీలులేదు. సైకిలు సీటును ఎత్తవచ్చును, దింపవచ్చును, ముందుకు వెనుకకు జరుపవచ్చును. హ్యాండిల్‌ను పట్టియుంచు స్టెమ్ అను భాగమును పొట్టిదిగనో పొడుగుదిగనో మార్చుకొనవచ్చును. కాబట్టి ఫ్రేము సుమారుగ సరిపోయినచో తక్కిన సవరణలు స్వల్ప వ్యయముతో జరుగును. ఫ్రేమే మిక్కిలి పెద్దదైనచో ఏ సవరణయు దానిని చిన్నదిగ చేయజాలదు.

మొదట కొలత

నా చిన్ననాట మా నాయన, "రేపు పెరుగును గదా" యని, పెద్దవారెక్కు ఎత్తైన సైకిలును నాకు కొని తెచ్చెను. కడ్డీ మీదుగ కాలు వేయలేక, దాని క్రింది సందులో కాలు దూర్చి, ఒడ్డుకు ఒరిగి తొక్కెడివాడను. ఒకనాడు పల్లమున బ్రేకు అందక పడితిని. మోకాలి మచ్చ నేటికిని ఉన్నది. ఆ సైకిలు మంచిదే. నా కొలతది మాత్రము కాదు.

కొలుచు విధమిది. బిడ్డను చెప్పులు లేకుండ గోడకు ఆనించి నిలువబెట్టుడు. కాళ్ల నడుమ ఒక పుస్తకమును పైకి గట్టిగ ఆనించి, నేలనుండి దాని పై అంచువరకు సెంటీమీటర్లలో కొలువుడు. ఇదియే లోకాలి కొలత. దీనిని 0.883 చేత గుణించినచో, పెడళ్ల నడిమి ఇరుసునుండి సీటు పైభాగమువరకు ఉండదగిన దూరము సుమారుగ తెలియును. 1986, 1989, 1990 సంవత్సరములలో టూర్ డి ఫ్రాన్స్ పందెమును గెలిచిన అమెరికా దేశీయుడు గ్రెగ్ లెమాండ్ ఈ లెక్కను ప్రచారములోనికి తెచ్చెను. లోకాలి కొలత 74 సెంటీమీటర్లయినచో, సీటు దూరము సుమారు 65.3 సెంటీమీటర్లు.

లెక్క తెలియనివారికి మరియొక ఉపాయము కలదు. బిడ్డ సీటుపై కూర్చుండి, క్రిందికి వచ్చిన పెడలుపై మడమ నుంచవలెను. అప్పుడు మోకాలు చాచుకొనినచో సీటు ఎత్తు సరి. పాదపు ముందుభాగముతో తొక్కునపుడు మోకాలు కొంచెము వంగియుండును. సీటు మిక్కిలి క్రిందుగ నున్నచో మోకాలి ముందుభాగమున నొప్పి పుట్టవచ్చును. మిక్కిలి ఎత్తుగ నున్నచో తొక్కునపుడు నడుము ఇటునటు ఊగును. కడ్డీకి ఇరువైపుల కాళ్లుంచి నేలపై నిలిచినపుడు కడ్డీకిని శరీరమునకును నడుమ కనీసము ఒక అంగుళము ఎడముండవలెను. బ్రేకు పిడులు వ్రేళ్లకు సులభముగ అందవలెను.

పెరిగెడి బిడ్డ

కౌమారమున వేగముగ పెరుగు బిడ్డ ఒక్క యేటనే ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు ఎదుగవచ్చును. నేడు 74 ఉన్న లోకాలి కొలత 78 అయినచో, సీటు దూరము 68.9 కావలెను, అనగా మూడున్నర సెంటీమీటర్లు హెచ్చు. కొలతకు చేయించిన సైకిలు చేతికి వచ్చునాటికే ఆ కొలత పాతబడును. కావున పెరుగుచున్న బిడ్డకు చేయించుట ధనవ్యయమే. "రేపు పెరుగును" అని పెద్దది కొనుటయు అంతకంటె చెరుపు. నేడు సరిపోవుచు, సీటు గొట్టమును ఇంకను పైకి లాగుటకు వీలున్నదే కొనదగినది.

మరియొక సంగతి మన రాష్ట్రమువారు గమనింపవలెను. ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలలో పదునొకండవ తరగతి చదువువారికి తమిళనాడు ప్రభుత్వము ఉచితముగ సైకిలు ఇచ్చుచున్నది. అది మీ బిడ్డను కొలిచి చేసినది కాదు. ఇంటికి తెచ్చిన నాడే పైన చెప్పినట్లు సీటును, హ్యాండిల్‌ను సరిచేయించుడు.

ప్రసిద్ధుల అనుభవము

బెల్జియము దేశీయుడు ఎడ్డీ మెర్క్స్ కొలతకు చేయించిన సైకిళ్లనే తొక్కెను. 1969లో బ్లువా అను ఊర పందెములో పడి నడుమునకు దెబ్బ తగిలిన పిదప ఆయనకు ఏ కొలతయు కుదురలేదు. పందెము నడుమనే సీటును ఎత్తుచు దింపుచు ఉండెడివాడు. 1972లో మెక్సికో నగరమున ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కినది ఆయనయే. చేయించినంత మాత్రమున సరిపోవునను భరోసా లేదనుటకు ఇది నిదర్శనము.

నేటి వృత్తి పోటీదారులలో అత్యధికులు కర్మాగారపు నిర్ణీత కొలతల ఫ్రేములనే వాడుచున్నారు. స్టెమును, సీటును మాత్రము తమకు తగినట్లు అమర్చుకొందురు. వారికే చాలినది మన బిడ్డలకు చాలదా?

చేయించదగినవారు

అట్లని చేయించుట వ్యర్థమని కాదు. ఎదుగుదల ముగిసి, మిక్కిలి పొడుగో మిక్కిలి పొట్టియో అయి బజారు కొలతలేవియు సరిపడనివారికి అది అవసరము. ఒక కాలు పొట్టిగ నున్నవారు, చేతిలోనో వెన్నులోనో లోపమున్నవారు వైద్యుని సలహాతో చేయించుకొనవచ్చును. ఏండ్ల తరబడి దూరప్రయాణములు చేసి, తమకు కావలసినదేమో స్పష్టముగ తెలిసికొనినవారికిని అది తగును. అట్టి బిడ్డయున్న ఇంట ఆ వ్యయము దుబారా కాదు.

పందెపు నియమము

ఇక ఆ తండ్రి సంగతి. అణ్ణాదురై జయంతి సందర్భమున జిల్లాలలో తమిళనాడు క్రీడాభివృద్ధి సంస్థ నడుపు సైకిలు పందెమే ఆ బాలుడు కోరినది. భారతదేశమున తయారైన, సాధారణ హ్యాండిల్ గల సైకిలునే తేవలెనని ఇటీవలి ప్రకటనలలో నియమము కలదు. పదమూడేండ్లలోపు బాలురకు 15, బాలికలకు 10 కిలోమీటర్లు. పదునైదు, పదునేడేండ్లలోపువారిలో బాలురకు 20, బాలికలకు 15 కిలోమీటర్లు దూరము. వంగిన హ్యాండిల్ గల రోడ్డు సైకిలు, కొన్నదైనను చేయించినదైనను, అచట పనికిరాదు!

ఇది విని ఆ తండ్రి నవ్వెను. మరునాడు ఇంటనున్న పాత సైకిలునే తోలుకొని వచ్చిరి. బాలుని కొలిచి సీటును రెండంగుళములు ఎత్తితిమి. చైనునకు నూనె వేయించి, బ్రేకు రబ్బర్లు మార్పించితిమి. అతడు పందెములో బహుమతి పొందలేదు. కాని నొప్పి యెరుగక చివరివరకు తొక్కెను. తరువాత ప్రతిదినము కారిమంగలము వైపు వేకువనే సాధన చేయుచున్నాడు. ఆవు ఇంటనే ఉన్నది.

ఇంట చేయవలసిన పని

1. ఆరునెలలకొకసారి బిడ్డ లోకాలి కొలత తీసి, తేదీతో నోటుపుస్తకమున వ్రాయుడు.
2. దానిని 0.883 చేత గుణించి, ఇప్పటి సీటు ఎత్తుతో పోల్చుడు. ఈ లెక్కను బిడ్డచేతనే చేయించుడు.
3. సైకిలు కొనుటకు పోవునపుడు బిడ్డను వెంటబెట్టుకొని పొండు. ఎక్కి చూడనిదే రొక్కము చెల్లింపకుడు.

బిడ్డను సైకిలుకు సరిపెట్టకుడు. సైకిలును బిడ్డకు సరిపెట్టుడు. అందులకు ముందు కావలసినది కొలతటేపు, డబ్బుసంచి తరువాతిది.